పిచ్ పోటీలో ఓడినవాళ్ళ చేతికి ఏమొస్తోంది?

మా పిన్ని కొడుకు కదిరిలో రాత్రి బస్సెక్కి, పెద్ద థర్మోకోల్ పెట్టె ఒకటి ఒళ్ళో పెట్టుకుని, తెల్లారేసరికి బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి ముందు దిగాడు. పెట్టె నిండా టమాటాలు. బయట పెట్టిన కాయ మెత్తబడిపోయినా ఈ పెట్టెలోది ఇంకో మూడు రోజులు గట్టిగా ఉంటుందని వాడి మాట. లోపల తడి గోనెపట్టా, చిన్న ఫ్యాను, ఒక బ్యాటరీ, అంతే. మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే. మర్నాడు ఒక స్టార్టప్ పిచ్ పోటీలో, అంటే కొత్త వ్యాపార ఆలోచనను కొద్ది నిమిషాల్లో జ్యూరీకి చెప్పి ఒప్పించే పోటీలో, వాడు దీని గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి. ఆ రాత్రి మా వంటింట్లో ఫోన్లో టైమర్ పెట్టి పదకొండుసార్లు చెప్పించాను. మొదటిసారి ఏడు నిమిషాలు పట్టింది, పదకొండోసారికి మూడు నిమిషాల పది సెకన్లకు వచ్చాడు.

మర్నాడు ఓడిపోయాడు. జ్యూరీలో ఒక పెద్దావిడ "టమాటా పాడైతే డబ్బు పోయేది ఎవరికి బాబూ?" అని అడిగారు. "రైతుకి మేడమ్" అన్నాడు. "రైతు పొలంలో ఉన్నప్పుడా, మండీలో దించాకా, లారీ ఎక్కాకా?" వాడి దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి "అక్కా, ఆ ఒక్క ప్రశ్న నాకు రెండేళ్ళలో ఎవరూ అడగలేదు" అన్నాడు, బాధగా కాదు, ఏదో దొరికినట్టు.

నేను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ కొన్నేళ్ళుగా ఇలాంటి పోటీల్లో మొదటి వడపోతకు అప్లికేషన్లు చదువుతున్నాను. ఈ పోటీల వల్ల దేశానికి ఏం లాభం అని ఎవరైనా అడిగితే చాలామంది గెలిచినవాళ్ళ పేర్లు చెప్తారు, స్టేజీ మీద పెద్ద చెక్కు పట్టుకున్న ఫోటో చూపిస్తారు. నాకు మాత్రం అసలు లాభం ఆ ఫోటోలో లేనివాళ్ళ దగ్గర కనిపిస్తుంది. వంద మంది వస్తే ముగ్గురు గెలుస్తారు, మిగతా తొంభై ఏడు మంది ఇంటికి ఏం పట్టుకెళ్ళారన్నదాన్ని బట్టే ఆ పోటీ ఆ ఊరికి, ఆ దేశానికి పనికొచ్చిందో లేదో తెలుస్తుంది. ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా చెప్తాను.

ఇన్నోవేషన్ ఎకోసిస్టమ్, అంటే కొత్త ఆలోచనలు ఎదగడానికి కావలసిన మనుషులూ డబ్బూ సంస్థలూ కలిసిన లోకం, ఆ మాట వినడానికి బరువుగా ఉంటుంది కానీ మన పల్లెల్లో పశువుల సంత చూసినవాళ్ళకు అది కొత్తేమీ కాదు. ఎద్దును అమ్మాలంటే ఏ రోజైనా అమ్ముకోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, మధ్యవర్తులు, పళ్ళు చూసి వయసు చెప్పే పెద్దమనిషి, పలుపుతాళ్ళు అమ్మేవాడు, వీళ్ళంతా ఒకేచోట దొరికేది సంత రోజునే. ఆ రోజున ఎవరి ఎద్దు ఎంత పలికిందో అందరికీ తెలుస్తుంది కాబట్టి ఇంకా అమ్మనివాడికి కూడా తన ఎద్దు విలువ అర్థమవుతుంది. స్టార్టప్‌ల లోకంలో ఈ సంత లేకపోతే ఏమవుతుందంటే, డబ్బున్నవాళ్ళు తమకు తెలిసినవాళ్ళకే, తమ కాలేజీలో చదివినవాళ్ళకే, కోరమంగళలోనో ఇందిరానగర్‌లోనో ఒకే కాఫీ షాపులో కూర్చునేవాళ్ళకే ఇస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. ఎవరు పనిమంతుడో బయటినుంచి తెలుసుకునే దారి లేనప్పుడు తెలిసినవాడి సిఫారసే నమ్మకం అవుతుంది. కదిరి కుర్రాడికి ఆ సిఫారసు ఎవరిస్తారు? అప్లికేషన్ ఫారానికి సిఫారసు అక్కర్లేదు, పోటీకి ఉన్న మొదటి బలం అదే.

ఇది నా ఊహ మాత్రమే కాదు. సబ్రీనా హోవెల్ అనే ఆర్థికవేత్త అమెరికాలో 80కి పైగా ఇలాంటి పోటీల మార్కులు తీసుకుని, ఆ కంపెనీలు తర్వాత ఏమయ్యాయో చూశారు. గెలిచినవాళ్ళకు బయటినుంచి పెట్టుబడి దొరికే అవకాశం పెరిగింది, అదీ బహుమతి డబ్బు వల్ల మాత్రమే కాదు, గెలిచారన్న మాట వల్ల కూడా. ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. నన్ను ఆపి ఆలోచింపజేసింది రెండో సంగతి. కొన్ని పోటీల్లో ప్రతి జట్టుకీ తన ర్యాంకు ఎంతో విడిగా చెప్పేవారు, కొన్నింటిలో గెలిచారా లేదా అన్నదొక్కటే చెప్పేవారు. అట్టడుగున ఉన్నామని తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళకంటే ఎక్కువగా ఆ ప్రయత్నాన్ని మానేశారు. అయ్యో పాపం అనిపిస్తుంది కదా? కానీ నిలబడని ఆలోచన మీద ఒక పాతికేళ్ళ కుర్రాడు ఇంకో మూడేళ్ళు, వాళ్ళ నాన్న పీఎఫ్ డబ్బూ పోయకుండా ముందే తెలుసుకోవడం వాడికీ మేలే, దేశానికీ మేలే. ఆ మూడేళ్ళు వాడు వేరే పని మీద పెడతాడు, లేదా మంచి ఇంజనీరుగా ఇంకొకరి కంపెనీలో చేరతాడు. పనికిరాని ప్రయోగాలు త్వరగా ఆగిపోవడం కూడా ఎకోసిస్టమ్ ఆరోగ్యమే, మనం మాత్రం దాన్ని లెక్కలో రాసుకోము.

మరి డబ్బు సంగతి? దీనికి నైజీరియాలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఉంది. 2011లో అక్కడి ప్రభుత్వం యూవిన్ అనే బిజినెస్ ప్లాన్ పోటీ పెడితే దాదాపు 24,000 మంది దరఖాస్తు చేశారు. 1,200 మందిని ఎంపిక చేసి ఒక్కొక్కరికి సగటున 50,000 డాలర్ల దాకా ఇచ్చారు. అందులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళను నేరుగా తీసుకుని, మిగతా సెమీ ఫైనలిస్టుల్లోంచి 729 మందిని లాటరీ తీసి ఎంపిక చేశారు. లాటరీ కాబట్టి గెలిచినవాళ్ళనూ గెలవనివాళ్ళనూ న్యాయంగా పోల్చి చూడొచ్చు. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ మూడేళ్ళ తర్వాత చూస్తే, డబ్బు అందినవాళ్ళ వ్యాపారాలు ఎక్కువగా నిలిచాయి, పదిమందికి, అంతకంటే ఎక్కువమందికి పని ఇచ్చే స్థాయికి ఎక్కువమంది చేరారు. డబ్బు పని చేసింది. కానీ తర్వాత ఆయనే ఇంకొకరితో కలిసి, జ్యూరీ వేసిన మార్కులకూ ఆ వ్యాపారాల ఎదుగుదలకూ సంబంధం ఉందా అని చూశారు. గెలిచినవాళ్ళలో ఎవరు బాగా ఎదుగుతారో ఆ మార్కులు చెప్పలేకపోయాయి. కంప్యూటర్ మోడళ్ళు వేసి చూసినా పెద్ద తేడా రాలేదు.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. జ్యూరీ విజేతను సరిగ్గా ఎంచలేకపోతే పోటీ ఎందుకు మరి? పిచ్ పోటీ విజేతను కనిపెట్టే యంత్రం అనుకుంటేనే ఈ ప్రశ్న వస్తుంది. 2010లో శాన్ ఫ్రాన్సిస్కోలో టెక్నాలజీ వార్తల సైటు టెక్‌క్రంచ్ పెట్టిన డిస్రప్ట్ పోటీలో మొదటి బహుమతి క్విక్కీ అనే కంపెనీకి వచ్చింది, క్లౌడ్‌ఫ్లేర్ రెండో స్థానంలో ఆగిపోయింది. క్విక్కీని 2013లో యాహూ కొని మరుసటి ఏడాదే మూసేసింది. క్లౌడ్‌ఫ్లేర్ 2019లో స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది, ఇవాళ ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్లు దాని మీదుగానే నడుస్తున్నాయి. అంతకు ముందు 1998లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జరిగిన పోటీలో, వెబ్‌సైట్లను జనానికి వేగంగా చేర్చే అకమాయ్ వాళ్ళు ఫైనల్ దాకా వచ్చి గెలవకుండానే వెనక్కి వెళ్ళారు, అదే ఏడాది కంపెనీ పెట్టారు. ఆ జ్యూరీలకు తెలివి లేకనా? కాదు, భవిష్యత్తు ఎవరికీ కనబడదు కాబట్టి. కానీ ఆ పోటీ ఉండబట్టే ఫలానా తేదీకల్లా ఆలోచనను కాగితం మీద పెట్టాల్సి వచ్చింది, ఇరవైమంది కొత్తవాళ్ళ ముందు చెప్పాల్సి వచ్చింది, గదిలో కూర్చున్న ఎవరో ఒకరు ఆ పేరు గుర్తుపెట్టుకున్నారు.

తేదీ గురించి ఇంకో మాట. ఉద్యోగం చేస్తూ రాత్రుళ్ళు ఏదో కట్టుకుంటున్నవాళ్ళు బెంగళూరులో ఎంతమంది ఉంటారో లెక్కే లేదు. మా అపార్ట్‌మెంట్‌లోనే కర్నూలు అబ్బాయి ఒకడు, నెల్లూరు అమ్మాయి ఒకరు ఉన్నారు. వాళ్ళకు కావలసింది డబ్బుకంటే ముందు ఒక గడువు. "పదిహేనో తారీఖు రాత్రి పన్నెండుకి ఫారం మూసేస్తారు" అన్నప్పుడే ఆ ప్రోటోటైప్, అంటే మొదటి నమూనా, పూర్తవుతుంది. ఈ కారణంతో పుట్టిన కంపెనీలకు ఏ బహుమతీ వచ్చి ఉండదు, కాబట్టి ఎవరి నివేదికలోనూ అవి కనబడవు.

బెంగళూరుకు బాగా దగ్గరి ఉదాహరణ చంద్రుడి మీదకు వెళ్ళాలని పెట్టిన పోటీ. 2007లో గూగుల్ లూనార్ ఎక్స్‌ప్రైజ్ ప్రకటించారు, మొత్తం బహుమతి 3 కోట్ల డాలర్లు. ప్రైవేటు జట్టు ఒకటి చంద్రుడి మీద రోవర్ అనే చిన్న బండిని దించి, అది 500 మీటర్లు కదిలి, ఫోటోలు పంపాలి. మన దేశం నుంచి బెంగళూరులోని టీమ్ ఇండస్ బరిలోకి దిగింది. 2015లో ల్యాండింగ్ పరిజ్ఞానానికి వాళ్ళకు 10 లక్షల డాలర్ల మధ్యంతర బహుమతి వచ్చింది, ఇస్రోలో రిటైరైన శాస్త్రవేత్తలు ఆ కుర్రాళ్ళతో కలిసి పనిచేశారు. 2018 మార్చికి గడువు ముగిసేసరికి ప్రపంచంలో ఏ జట్టూ బయల్దేరలేదు, పెద్ద బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. అంటే అందరూ ఓడిపోయారు. తర్వాత ఏమైందో చూడండి: ఇజ్రాయెల్ జట్టు 2019లో, జపాన్ జట్టు నుంచి పెరిగిన ఐస్పేస్ కంపెనీ 2023లో చంద్రుడి దాకా వెళ్ళాయి, రెండూ దిగే ప్రయత్నంలో కూలిపోయాయి, అయినా పోటీ పుట్టించిన జట్లు పోటీ పోయాక కూడా పని ఆపలేదు. మన దగ్గర 2020లో ప్రభుత్వం అంతరిక్ష రంగాన్ని ప్రైవేటు కంపెనీలకు తెరిచేనాటికి, ల్యాండర్ ఎలా డిజైన్ చేస్తారో సొంత చేతులతో నేర్చుకున్న యువ ఇంజనీర్లు ఈ ఊళ్ళో అప్పటికే ఉన్నారు. చెక్కు ఎవరికీ రాకపోయినా పని నేర్చిన చేతులు మిగిలాయి.

ఇక ప్రభుత్వాల విషయానికొస్తే, మన దేశంలో ఇప్పుడు పిచ్ పోటీ అనేది కాలేజీ ఫెస్టు స్థాయి దాటి, ప్రభుత్వ సొమ్ము ఎవరికివ్వాలో తేల్చే పద్ధతిగా మారింది. స్టార్టప్ ఇండియా 2016 జనవరి 16న మొదలైంది. 2021లో వచ్చిన సీడ్ ఫండ్ పథకానికి 945 కోట్లు కేటాయించారు, ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలకు చోటూ సలహా ఇచ్చే సంస్థల) ద్వారా ఆలోచనను నిరూపించుకోవడానికి 20 లక్షల వరకు గ్రాంటు, మార్కెట్‌లోకి వెళ్ళడానికి 50 లక్షల వరకు ఇచ్చేలా పెట్టారు, అదీ విడతలుగా, చెప్పిన పని చేసి చూపించిన కొద్దీ. బయోటెక్ వైపు కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు 50 లక్షల వరకు ఉంటుంది, 18 నెలల గడువు. బెంగళూరు బళ్ళారి రోడ్డులో జీకేవీకే ప్రాంగణంలో ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీ-క్యాంప్, బైరాక్‌తో కలిసి 2017 నుంచి జాతీయ బయో ఎంట్రప్రెన్యూర్‌షిప్ పోటీ నడుపుతోంది. కర్ణాటక ప్రభుత్వం అదే 2017లో ఎలివేట్ మొదలుపెట్టింది, జ్యూరీ ముందు పిచ్ చేసి ఎంపికైతే 50 లక్షల వరకు గ్రాంటు ఇస్తారు, కంపెనీలో వాటా అడగరు. ఎస్సీ, ఎస్టీ వ్యవస్థాపకుల కోసం అందులోనే ఉన్నతి అని విడిగా ఉంది. మన తెలుగువాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఎలివేట్‌కు కంపెనీ కర్ణాటకలో రిజిస్టరై ఉండాలి. ఊళ్ళో సీఏ చేత రిజిస్టర్ చేయించుకుని ఇక్కడికొచ్చాక ఆ సంగతి తెలిసి తల పట్టుకున్నవాళ్ళను నేను చూశాను.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన పద్ధతి రక్షణ శాఖ ఐడెక్స్. 2018 ఏప్రిల్‌లో చెన్నైలో జరిగిన డిఫెన్స్ ఎక్స్‌పోలో దాన్ని ప్రారంభించారు. అక్కడ చాలావరకు "మీ ఆలోచన చెప్పండి" అనరు. సైన్యమే తన సమస్యను ముందు పెడుతుంది, దీనికి పరిష్కారం తెండి అంటుంది. ఎంపికైతే మామూలు విభాగంలో కోటిన్నర వరకు గ్రాంటు, అంతే మొత్తం కంపెనీ కూడా పెట్టుకోవాలి, వస్తువు పనిచేస్తే సైన్యం కొనే దారి ఉంది. మొదటి రోజు నుంచీ కొనేవాడు ఎవరో తెలిసి ఉండటం ఎంత పెద్ద తేడానో మా తమ్ముడి టమాటా కథ చూశాక నాకు బాగా అర్థమైంది. వాడు రెండేళ్ళు పెట్టె మీద కూర్చున్నాడు, ఆ పెట్టె కొనేది ఎవరో వాడికి తెలియదు.

పోటీలన్నీ మంచివని నేననను. ఒకసారి ఒక పోటీకి అప్లికేషన్ ఫీజు ఐదు వేలు కట్టమన్నారు, నేను తెలిసినవాళ్ళకు ఆ లింకు పంపాను కూడా, నాలుగు వందల మంది దాకా కట్టారని తర్వాత విన్నాను, బహుమతి మాత్రం ఆ ఫీజుల్లో సగం కూడా లేదు. ఓడినవాళ్ళకు ఒక్క ఈమెయిల్ రాలేదు. ఆ నాలుగు వందల మందిలో నా మాట విని కట్టినవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళకు నేను ముఖం చూపించలేకపోయాను. అప్పటినుంచి ఏ పోటీవాళ్ళు పిలిచినా మూడు విషయాలు అడుగుతున్నాను: ఫీజు ఎంత, మార్కులూ కారణాలూ ప్రతి జట్టుకీ పంపుతారా, పోయినేడు గెలిచినవాళ్ళకు డబ్బు ఎప్పుడు చేరింది. మూడోదానికి తడబడితే నేను వెళ్ళను. సరుకు అరువిచ్చినవాళ్ళకు డబ్బు కట్టడానికి ఆ బహుమతి మీదే ఆశపెట్టుకున్న చిన్న జట్టుకు తొమ్మిది నెలల ఆలస్యం అంటే కంపెనీ మూత పడటమే.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 2014లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో, అక్షరం మారకుండా ఒకే పిచ్‌ను మగ గొంతుతో, ఆడ గొంతుతో వినిపిస్తే ఎక్కువమంది మగ గొంతునే ఎంచుకున్నారు. ఇంకో పరిశోధనలో టెక్‌క్రంచ్ డిస్రప్ట్ స్టేజీ మీద అడిగిన ప్రశ్నలనే విడదీసి చూశారు. మగవాళ్ళను ఎక్కువగా "ఎంత పెద్దవాళ్ళవుతారు" అని, ఆడవాళ్ళను ఎక్కువగా "మునిగిపోకుండా ఎలా చూసుకుంటారు" అని అడిగారు, మొదటి రకం ప్రశ్నలు పడ్డవాళ్ళు తర్వాత చాలా ఎక్కువ పెట్టుబడి తెచ్చుకున్నారు. నేను కూర్చున్న గదుల్లో ఇదే చూశాను. గుంటూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి మెషీన్ గురించి చెప్తుంటే మొదటి ప్రశ్న "పెళ్ళయ్యాక ఎవరు చూసుకుంటారు" అని వచ్చింది. అందుకే మొదటి వడపోతలో పేరు, కాలేజీ, ఫోటో కనబడకుండా చదవాలని నేను పట్టుబడతాను. ఇద్దరు ముగ్గురు నిర్వాహకులు ఒప్పుకున్నారు, షార్ట్‌లిస్టులో కొత్త ఊళ్ళ పేర్లు కనబడ్డాయి. భాష కూడా అంతే. మదనపల్లె మండీ సమస్యను తెలుగులో అయితే మూడు నిమిషాల్లో చెప్పగలిగేవాడు, ఇంగ్లీషులో ఏడు నిమిషాలు తీసుకుంటాడు, మార్కులు పోయేది ఆలోచన వల్ల కాదు. కన్నడలో, తమిళంలో, తెలుగులో పిచ్ చేసే వీలు ప్రతి పోటీలోనూ ఉండాలి, పక్కన అనువాదం చెప్పే మనిషిని పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక మా తమ్ముడు. ఆ మొదటి పోటీ అయ్యాక పది రోజులకు వాడు మదనపల్లె టమాటా మండీకి వెళ్ళాడు. తెల్లవారుజామున లారీలు దిగే వేళ నుంచి వేలం అయ్యేదాకా అక్కడే తిరిగాడు, నాలుగు రోజులు. వాడికి తెలిసిందేమిటంటే, వేలం అయిపోగానే కాయ రైతు చేతిలోంచి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత దూరం ఊళ్ళకు లోడు పంపే వ్యాపారి షెడ్డులో క్రేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి లారీ కోసం ఎదురుచూసే గంటల్లోనూ, దారిలోనూ చెడిపోయేదంతా ఆ వ్యాపారి నష్టం. రైతుకు పెట్టె అమ్మాలనుకున్నవాడు ఇప్పుడు వ్యాపారి షెడ్డులో క్రేట్ల వరుసల మధ్యకు చల్లగాలి పంపే గొట్టం కడుతున్నాడు. దాంతో ఇంకో పోటీకి, ఈసారి చెన్నైకి, వెళ్ళాడు. అక్కడా గెలవలేదు, కానీ బయట హాల్లో వంతు కోసం కూర్చున్నప్పుడు పక్క కుర్చీలో తేమ కొలిచే సెన్సార్లు చేసే అమ్మాయి పరిచయమైంది, ఆమెదీ ఓడిన జట్టే. ఇప్పుడు ఇద్దరూ కలిసి చేస్తున్నారు.

పోయిన వారం ఒక వ్యాపారి ఒప్పుకుని తన షెడ్డులో ఒక మూల ఇచ్చాడు. వాడు నలభై క్రేట్లు పేర్చి, సెన్సార్లు పెట్టి, ఐదో రోజు ఫోటో తీసి, మొదటి పోటీలో ఆ ప్రశ్న అడిగిన ఆవిడకు పంపాడు. కాయలు గట్టిగానే కనిపిస్తున్నాయి. ఆవిడ జవాబు వెంటనే వచ్చింది: "మధ్య వరుసలో అడుగు క్రేటు తీసి చూశావా?"

ఆ రాత్రే తిరిగి షెడ్డుకు వెళ్ళి ముప్పై తొమ్మిది క్రేట్లు దించాడు.